ముందు బండి 30 మీద, వెనక పద్నాలుగు బండ్లు: ఈ రోడ్ల మీద మనం ఏం చేయాలి?

పరిగి దారి
ఆదివారం, రాత్రి 10:15

ప్రతి శనివారం పొద్దున హైదరాబాద్‌లో అత్తాపూర్ నుంచి పరిగి దగ్గర మా ఊరికి వెళ్లి, ఆదివారం సాయంత్రం తిరిగొస్తాను. నాలుగేళ్లుగా ఇదే దారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్లు, మధ్యలో మొయినాబాద్, చేవెళ్ల. బీజాపూర్ రోడ్డు సంగతి మీలో చాలామందికి తెలుసు. రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు, వాటి మధ్య ఇరుకు రోడ్డు, పోయేవాళ్లకీ వచ్చేవాళ్లకీ నడుమ గీత తప్ప అడ్డు లేని చోట్లు. విస్తరణ ఏళ్ల తరబడి ఆగడంతో ఇన్నాళ్లూ ఇలాగే నెట్టుకొచ్చాం.

ఇవాళ మా అమ్మను కంటి డాక్టరుకు చూపిద్దామని నాతో తీసుకొస్తున్నాను. మన్నెగూడ దాటిన కాసేపటికి ముందు బండ్లన్నీ బారులు తీరాయి. అన్నిటికంటే ముందు ఒక తెల్ల కారు, 30 మీదో 35 మీదో పోతోంది. దాని వెనక టమాటా ట్రేలున్న డీసీఎం లారీ, ఒక బస్సు, రెండు షేర్ ఆటోలు, ఆ తర్వాత నేను. అద్దంలో లెక్కపెడితే నా వెనక ఇంకో తొమ్మిది బండ్లు.

నెమ్మదిగా పోతే పోనీ అనుకున్నా. కానీ ఆ కారు ఒక తీరుగా పోవడం లేదు. కాసేపు నడి గీత మీదికి వస్తుంది, కాసేపు మట్టిలోకి దిగుతుంది. ముందు ఏమీ లేకపోయినా బ్రేక్ లైటు వెలుగుతుంది. రోడ్డు వంపు తిరిగిన చోట నాకు అతని తల కనిపించింది. కిందికి వంగుతోంది, పైకి లేస్తోంది, మళ్లీ వంగుతోంది. ఒళ్లో ఫోను. డీసీఎం అతను హారన్ కొట్టాడు, హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పుతూ డిప్పర్ కొట్టాడు, లాభం లేదు. తిన్నటి రోడ్డు చూసుకుని బస్సు పక్కకు తీసేసరికి కారు ఒక్కసారిగా 55కి పెరిగింది. బస్సు మళ్లీ వెనక్కి తగ్గింది. నిమిషం తిరగకుండానే కారు మళ్లీ 30.

చేవెళ్లకు ముందు ఓపిక నశించి బైకు మీద ఇద్దరు కుర్రాళ్లు మొత్తం వరుసను దాటబోయారు. ఎదురుగా టిప్పర్ వచ్చింది. బైకు ఆ కారు బంపర్ ముందు నుంచి సన్నగా లోపలికి దూరింది. జానెడు తేడా. మా అమ్మ డ్యాష్‌బోర్డు పట్టుకుని బిగుసుకుపోయింది. మొయినాబాద్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత ఆ కారు ఇండికేటర్ వేయకుండా ఏదో రిసార్ట్ దారిలోకి తిరిగింది. పక్క నుంచి పోతూ చూశాను. వెనక సీట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అతని ముఖంలో ఏమీ లేదు. వెనక ఏం జరిగిందో అతనికి తెలియనే తెలియదు.

కారు నంబరు నా దగ్గరుంది, ఇక్కడ పెడతాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్నట్టే ఈ రోడ్లకు కూడా కనీస వేగం పెట్టాలి, 40 కంటే తక్కువ పోయేవాళ్లకు చలానా వేయాలి అంటాను. మీరేమంటారు?

శంషాబాద్ రైడర్
ఆదివారం, రాత్రి 10:32

అన్నా, షాద్‌నగర్ నుంచి చేవెళ్ల వైపు వచ్చే రోడ్డు మీద మాకూ ఇదే బాధ. ఇలాంటివాళ్ల వెనక పది నిమిషాలు పోయామంటే బుర్ర వేడెక్కిపోతుంది. నేనైతే హారన్ మీద చెయ్యి తీయకుండా పక్క నుంచి కొట్టేస్తా. ఆగితే మనకే టెన్షన్.

నిర్వాహకులు
ఆదివారం, రాత్రి 10:50

పరిగి దారి గారూ, మీరు జోడించిన ఫొటో తీసేశాం. బండి నంబర్లు, మనుషుల ముఖాలు ఇక్కడ పెట్టకండి. ఫిర్యాదు ఉంటే ట్రాఫిక్ పోలీసులకు నేరుగా ఇవ్వండి. చర్చ సాగనివ్వండి.

స్టీరింగ్ 28
ఆదివారం, రాత్రి 11:20

బస్సు నడపబట్టి ఇరవై ఎనిమిదేళ్లు. మీరు చెప్పిన రూటు నాకు బాగా తెలుసు. ఇవాళ మీ ముందున్న బస్సు నాది కాదు, అయినా ఆ డ్రైవర్ కాలు బ్రేక్ మీద ఎన్నిసార్లు పడి ఉంటుందో నేను చెప్పగలను.

మా సీటు ఎత్తు కాబట్టి కార్లలోపల ఏం జరుగుతోందో మాకు కనిపిస్తుంది. ఒళ్లో ఫోను పెట్టుకుని వీడియో చూసేవాళ్లు. ముద్దుగా ఉందని రెండేళ్ల పిల్లను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టుకునేవాళ్లు. మ్యాపులో ఫాంహౌస్ గేటు వెతుక్కునేవాళ్లు. శని, ఆదివారాల్లో ఇంకో రకం ఉంటారు. రోడ్డు పొడవునా వెంచర్ బోర్డులున్నాయి కదా, గజం ఎంతో చదువుకుంటూ పోతారు. బోర్డు వచ్చినప్పుడల్లా కాలు ఎత్తేస్తారు, అది దాటాక తొక్కుతారు. వెనక యాభై మందితో నేనున్నానని వాళ్ల మనసులోనే ఉండదు.

నాకు బండి నేర్పిన పెద్దాయన పది అంకెలు లెక్కపెట్టేలోపు ఒకసారి అద్దం చూడమనేవాడు. చూశావా అని అడిగేవాడు కాదు, వెనక ఏ రంగు బండి ఉందో చెప్పమనేవాడు. ఇప్పుడు సిటీలో ట్రాఫిక్‌కు భయపడి సైడు అద్దాలు మడిచేసుకుంటారు. ఊరి రోడ్డెక్కాక కూడా అవి మడిచే ఉంటాయి. ఆదివారం చేవెళ్లలో నిలబడి చూడండి, అలాంటి బండ్లు ఎన్ని కనిపిస్తాయో.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. మన లారీవాళ్లు 'దాటి పో' అని చెప్పడానికి కుడి ఇండికేటర్ వేస్తారు. అదే ఇండికేటర్ కుడివైపు తిరగడానికి కూడా వేస్తారు. కొత్తగా కారు తీసుకున్నవాళ్లు ఇది చూసి దాటబోతే, ముందు బండి నిజంగానే కుడికి తిరిగిన సంఘటనలు నేను చూశాను. అందుకే ముందువాడి ఇండికేటర్‌ను నమ్మి ఎప్పుడూ బస్సు బయటికి తీయను. నా కంటికి రోడ్డు ఖాళీగా కనిపించాలి.

శంషాబాద్ తమ్ముడూ, హారన్ మీద చెయ్యి తీయకుండా పోతానన్నావు. ధ్యాస లేనివాడు ఆ మోతకు ఉలిక్కిపడి స్టీరింగ్ ఎటు తిప్పుతాడో అతనికే తెలియదు. ఒకసారి డిప్పర్, ఒకసారి చిన్న హారన్, తర్వాత దూరం. పక్కకు రాకపోతే వెనకే పోతాను. ప్రయాణికులు తిడతారు, తిట్టనీ.

పూలతోట
సోమవారం, ఉదయం 6:05

మాది చేవెళ్ల మండలం. గులాబీలు, కూరగాయలు పండిస్తాం. పొద్దున్నే పని, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

పరిగి అన్నకు జరిగింది తప్పే, కాదనను. కానీ 40 కంటే తక్కువ పోతే చలానా అన్న మాట దగ్గర నాకు కష్టమనిపించింది. మా ఊరు రోడ్డుకు రెండు పక్కలా ఉంది. ఇళ్లు ఒక పక్క, బడి ఇంకో పక్క. బర్రెలు దాటుతాయి, గొర్ల మందలు దాటుతాయి, ముసలివాళ్లు దాటుతారు. 2024 డిసెంబర్‌లో ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరూ బస్సూ గుద్దుకున్నాయి. ఆ పొద్దు ఈ చుట్టుపక్కల ఊళ్లలో పొయ్యి వెలిగించిన ఇల్లు లేదంటే నమ్మండి. వేగం అంటేనే మాకు వణుకు. నెమ్మదిగా పోయే బండిని చూస్తే మా ఇంట్లో ఆడవాళ్లు మంచోడు అంటారు.

నా ట్రాక్టర్ లోడుతో పాతికకు మించి పోదు. ఎక్కువ తొక్కితే ట్రాలీ ఊగుతుంది. నేను ఏ రోడ్డు మీద పోవాలి? పొలానికి పోయే దారి కూడా ఇదే. మీ బండ్లకు ఇది హైదరాబాద్ రోడ్డు, మాకు ఇది మా వాకిలి. ఎవరైనా పైలంగా పోవాలనే కోరుకుంటాం.

లెక్కల మాస్టారు
సోమవారం, ఉదయం 7:40

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. కోపం కాసేపు పక్కనపెట్టి ఒక చిన్న లెక్క చూద్దాం. పదో తరగతి పిల్లలకు సాపేక్ష వేగం చెప్పేటప్పుడు నేను ఇదే చేయిస్తాను.

ముందు కారు గంటకు 30 కిలోమీటర్ల మీద పోతోంది. మీరు 60 మీద దాటుతున్నారు. దానికి 20 మీటర్ల వెనక నుంచి బయటికి వచ్చి, దాటాక 20 మీటర్ల ముందు లోపలికి చేరాలి. రెండు కార్ల పొడవు కలిపి ఇంకో 10 మీటర్లు. అంటే ఆ కారు కంటే మీరు 50 మీటర్లు ఎక్కువ పోవాలి. వేగాల తేడా గంటకు 30 కిలోమీటర్లు, సెకనుకు 8.3 మీటర్లు. కాబట్టి 6 సెకన్లు పడుతుంది. ఆ 6 సెకన్లలో మీరు 100 మీటర్లు పోతారు, ఎదురుగా 60 మీద వచ్చే బండి ఇంకో 100 మీటర్లు వస్తుంది. కనీసం 200 మీటర్ల ఖాళీ రోడ్డు మీ కంటికి కనిపించాలి.

ఇప్పుడు ఆ కారు 45కి పెరిగిందనుకోండి. తేడా 15కి పడిపోయింది. 6 సెకన్లు 12 అవుతాయి, 200 మీటర్లు 400 అవుతాయి. అతను కాలు కాస్త నొక్కాడంతే, మీరు ఎదురు బండి దారిలో ఉండే సమయం రెట్టింపైంది. ఆ తెల్ల కారు చేసింది ఇంకా ఘోరం, 55కి పెంచాడు. అప్పుడు తేడా 5 మాత్రమే. 36 సెకన్లు పడుతుంది. బస్సు వెనక్కి తగ్గకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

ఆ బైకు కుర్రాళ్లు దాటబోయింది ఒక్క బండిని కూడా కాదు. వరుసలో ఐదు కార్లు పది మీటర్ల దూరంతో ఉన్నా, అన్నిటినీ దాటడానికి 13 సెకన్లు పైగా, 440 మీటర్ల ఖాళీ కావాలి. వాళ్లు దాటబోయింది పద్నాలుగు బండ్లను. ఆ మర్రిచెట్ల మలుపుల్లో అంత రోడ్డు ఎక్కడ కనిపిస్తుంది?

పూలతోట గారూ, మీ ట్రాక్టర్ పాతిక మీద పోతే నాకు ఇబ్బందే లేదు. అది ఒకే వేగంతో, ఒకే గీతలో పోతుంది. దాన్ని లెక్కవేయగలను. ఫోను చూస్తూ 30, 55, 30 అని మారేవాడిని లెక్కవేయలేను. దాటనిచ్చే బండి వేగం పెంచకూడదని 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. అంతకుముందు 1989 నుంచి ఉన్న రోడ్డు నియమాల్లోనూ ఉంది. లైసెన్స్ పరీక్షకు ముందు ఎంతమందికి దీన్ని చెప్పారో నాకు అనుమానమే.

కొత్త లైసెన్స్
సోమవారం, మధ్యాహ్నం 1:10

నేను మాట్లాడవచ్చో లేదో తెలియదు, కానీ చెప్పాలనిపించింది. నాకు లైసెన్స్ వచ్చి ఐదు నెలలు. నెమ్మదిగా పోయే ఆ డ్రైవర్లలో నేనూ ఉన్నాను.

డ్రైవింగ్ స్కూల్లో నాకు నేర్పినదంతా సిటీలోనే. కాలనీ రోడ్లు, ఒక ఫ్లైఓవర్, ఎనిమిది అంకె, వెనక్కి తీసి పార్కింగ్. రెండు వరుసల రోడ్డు మీద వెనక బస్సు తరుముతుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టకు మొదటిసారి నడుపుకుంటూ వెళ్లినప్పుడు వెనక హారన్ మోగితే చెమటలు పట్టాయి. నేను నెమ్మదిగా ఉన్నందుకే కోపం వచ్చిందనుకుని గబగబా యాక్సిలరేటర్ తొక్కాను. అదే సమయంలో ఆ కారు నన్ను దాటుతోంది. మాస్టారు గారి లెక్క చదివాక నా చేతులు చల్లబడ్డాయి. ఆ రోజు ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

ఎవరైనా నాకు చెప్పండి. వెనక బండి దాటుతుంటే నేను సరిగ్గా ఏం చేయాలి?

స్టీరింగ్ 28
సోమవారం, రాత్రి 9:30

తల్లీ, నువ్వు అడిగావు చూడు, అదే సగం డ్రైవింగ్. నా కూతురికి చెప్పినట్టే చెబుతాను.

కంగారుపడి ఏమీ చేయకు. స్టీరింగ్ తిన్నగా పట్టుకో, ఎడమ పక్క గీతకు దగ్గరగా ఉండు, కానీ మట్టిలోకి దిగకు. మన రోడ్ల అంచు చాలా చోట్ల జానెడు కోసుకుపోయి ఉంటుంది, చక్రం దిగితే బండి లాగేస్తుంది. దాటే బండి నీ పక్కకు వచ్చిందంటే యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చెయ్. సడెన్ బ్రేక్ వద్దు, నీ వెనక ఇంకొకరు ఉండొచ్చు. అతను ముందుకు వెళ్లి లోపలికి వచ్చేదాకా అంతే.

వెనక నాలుగైదు బండ్లు చేరాయని అద్దంలో కనిపిస్తే, ముందు ఎక్కడైనా హోటలో, పెట్రోల్ బంకో, వెడల్పైన చోటో చూసుకుని ఎడమ ఇండికేటర్ వేసి ముందుగానే నెమ్మది చేసి పక్కకు తీసుకో. అర నిమిషం ఆగు. వాళ్లు పోతారు, నీ గుండె దడా తగ్గుతుంది. ఎవరూ తరమని రోడ్డు మీద నీకు నచ్చిన వేగంతో పో. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. బస్సు నడుపుతూ నేనే ఎన్నోసార్లు పక్కకు తీశాను.

పరిగి దారి
సోమవారం, రాత్రి 9:55

మేడం, మీరు రాసింది చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. నా వెనక హారన్ మోగినప్పుడు నాకు కోపం వస్తుంది, మీకు భయం వేసింది. ముందున్న మనిషికి భయం కూడా వేయొచ్చని నేను ఇంతవరకు అనుకోలేదు.

కనీస వేగం మాట వెనక్కి తీసుకుంటున్నాను. పూలతోట అన్న చెప్పింది నిజమే. 158 కిలోమీటర్ల ఔటర్ మీద ట్రాక్టర్ లేదు, బైకు లేదు, నడిచే మనిషి లేడు, కాబట్టి అక్కడ ఆ నియమం కుదురుతుంది. ఊరి వాకిట్లో కుదరదు. అద్దం చూడనివాడి మీద, ఫోను చూసేవాడి మీద మాత్రం నా కోపం అలాగే ఉంది.

ఇంకో సంగతి. అప్పా నుంచి మన్నెగూడ దాకా మొత్తం 35 మీద పోతే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. 60 మీద పోతే ముప్పావు గంట. ఎంత తొందరపడినా తేడా అర గంటే. ఆ అర గంట కోసం నేనెన్నిసార్లు తిక్క పనులు చేశానో ఇవాళ లెక్కపెట్టుకుంటున్నాను.

సైరన్
మంగళవారం, తెల్లవారుజాము 4:40

అర గంట తేడా అందరికీ ఒకటి కాదు. నేను అంబులెన్స్ పైలట్‌ని. 108 బండి నడిపేవాళ్లను పైలట్ అంటారు, 2005లో ఈ సేవ మొదలైన నాటి నుంచి.

రాత్రి డ్యూటీ ముగించి రాస్తున్నా. పల్లె రోడ్డు మీద సైరన్ వినిపించినా కదలని బండ్లు రెండు రకాలు. ఒకటి అద్దాలు ఎక్కించి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్న కారు. ఇంకోటి పెద్ద స్పీకరు కట్టుకున్న ట్రాక్టర్. ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. చూసిన మరుక్షణం పాపం పక్కకు దూకుతారు. కానీ ఆ చూడటానికి పట్టే నిమిషం నా వెనక స్ట్రెచర్ మీద ఉన్న మనిషిది. ఒకసారి కాన్పు కేసు. తల్లి అరుపులు నాకు వినిపిస్తున్నాయి, ముందు కారులో పాట కూడా వినిపిస్తోంది. అతనికి మాత్రం మేం వినిపించడం లేదు. రెండు కిలోమీటర్లు అలాగే పోయాం.

ఆ తల్లీ బిడ్డా క్షేమమే. కానీ ఆ రెండు కిలోమీటర్లు నాకు ఇప్పటికీ గుర్తే. దయచేసి ఊరి రోడ్డెక్కాక ఒక అద్దం రెండు వేళ్లంత కిందికి దించండి. పాట సౌండు తగ్గించండి.

ఇంకొక మనవి. సైరన్ వినగానే ఉన్నచోటే ఆపేయకండి. రెండు వరుసల రోడ్డు మీద మీరు మధ్యలో ఆగితే నేను పోలేను. ఎడమకు తీసి ఆపండి.

తార్నాక పెద్దాయన
మంగళవారం, ఉదయం 8:20

వయసు 69. శుక్లం ఆపరేషన్ రెండు కళ్లకూ అయింది. నెలకోసారి కీసరగుట్టకు, అప్పుడప్పుడు యాదగిరిగుట్టకు నేనూ మా ఆవిడా కారులో వెళ్తాం. నేను 40 దాటను. ఇన్నాళ్లూ నేను సురక్షితంగా నడుపుతున్నానని గర్వంగా చెప్పుకునేవాడిని. వెనక హారన్ కొడితే ఈ కాలం పిల్లలకు ఓపిక లేదనుకుని పట్టించుకునేవాడిని కాదు.

ఈ చర్చ మొత్తం మా ఆవిడకు చదివి వినిపించాను. 'మీరు అద్దం చూడరు, నేను పక్కన కూర్చుని చాలాసార్లు చెప్పాను' అంది. నిజమే. మెడ పట్టేస్తుందని వెనక్కి తిరగడం మానేశాను, క్రమంగా అద్దం కూడా మానేశాను. నడి గీతకు ఆనుకుని పోతానని కూడా అంది. ఎడమ పక్క గుంతలని నేనే అటు జరుగుతాను.

నా వేగం మార్చుకోలేను, నా కళ్లకు అంతే చేతనవుతుంది. మిగతావి మార్చుకుంటాను. ఇకపై చీకటి పడ్డాక నడపను.

అడవి బాట
మంగళవారం, రాత్రి 10:05

శ్రీశైలం రోడ్డు గురించి ఎవరూ రాయలేదు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి దాకా ఒక తీరు, మన్ననూరు గేటు దాటాక ఇంకో తీరు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గేటు మూసేస్తారు కాబట్టి సాయంత్రం అందరికీ తొందరే. అప్పుడు చూడాలి, గేటు అందుకోవాలని మలుపుల్లో దాటేవాళ్లను.

అడవిలో నెమ్మదిగా పోవడమే ధర్మం, అక్కడ రోడ్డు జింకలది. కానీ మలుపు మధ్యలో బండి ఆపి కోతులకు అరటిపండ్లు వేసేవాళ్లను ఏమనాలి? వెనక లోయ, ముందు మలుపు, కారు తలుపు రోడ్డు మీదికి తెరిచి పిల్లలతో సెల్ఫీ. పోయిన కార్తీకంలో అలా ఆగిన కారు వెనక మా బండి రెండడుగుల దూరంలో ఆగింది. కోతులకు తిండి పెట్టొద్దని బోర్డు పక్కనే ఉంది. దిగి చెబితే 'రెండు నిమిషాలే కదా బ్రదర్' అన్నాడు.

నైట్ షిఫ్ట్
బుధవారం, ఉదయం 5:50

ఇప్పుడే ఇంటికి వచ్చా. మాది శంకర్‌పల్లి, ఆఫీసు గచ్చిబౌలి వైపు. నాకు ఫోను చూసేవాళ్లతో ఇబ్బంది తక్కువ, చీకట్లో కనిపించనివాళ్లతో ఎక్కువ. ఈ రాత్రి మూడింటికి గడ్డి లోడు ట్రాలీ. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు. గడ్డి కూడా చీకటి రంగులోనే ఉంటుంది. ఎదురు లారీ లైటు కళ్లలో కొట్టి పోగానే నా ముందు గోడలా కనిపించింది. ఎలా ఆపానో నాకే తెలియదు. కాళ్లు ఇంకా వణుకుతున్నాయి.

లెక్కల మాస్టారు
బుధవారం, ఉదయం 7:15

దేవుడి దయ. జాగ్రత్త బాబూ.

డిమ్ లైటులో మనకు కనిపించేది సుమారు 40, 50 మీటర్లు. 70 మీద పోతుంటే ప్రమాదం గుర్తించి బ్రేక్ నొక్కడానికి సెకనున్నర పట్టిందనుకున్నా 29 మీటర్లు అక్కడే పోతాయి. మంచి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 27, 28 మీటర్లు. మొత్తం 56 పైనే. అంటే కనిపించాక ఆపినా ఆగదు. మీరు 70 మీద లేరు కాబట్టే తప్పించుకున్నారు. రేడియం ఉంటే అది వంద మీటర్ల అవతలి నుంచే మెరుస్తుంది.

పూలతోట
బుధవారం, మధ్యాహ్నం 2:30

నైట్ షిఫ్ట్ తమ్ముడు రాసింది చదివి పొలం నుంచి వచ్చి నా ట్రాలీ చూసుకున్నా. నా దానికీ వెనక లైటు లేదు. రెండేళ్ల కింద వైరు తెగిపోయింది, పొద్దుపూట పనే కదా అని వదిలేశా. పోయిన నెల మార్కెట్ నుంచి తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిదైన రోజులు మూడున్నాయి.

వడ్ల సంగతి కూడా చెబుతా, ఎవరూ అడగకపోయినా. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉంటేనే తీసుకుంటారు. కల్లాలు చాలవు, అందుకే రోడ్డు మీద ఎండబోస్తాం. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతాం. వడ్లు ఎత్తినాక కొందరు రాళ్లు అక్కడే వదిలేస్తారు, రాత్రి బైకువాళ్లు పడతారు. ఈ పంటకు మా గల్లీ వాళ్లతో కూర్చుని మాట్లాడతా. రాయి తీయకుండా ఎవరూ ఇంటికి పోవద్దని చెబుతా. నలుగురు వింటారు, మిగతావాళ్లకు మళ్లీ చెబుతా.

వైరింగ్ ఇవాళ చేయిస్తున్నా. రేడియం ఏ రంగు ఎక్కడ అంటించాలి? ఊర్ల దొరికేది రెండు రోజుల్లో ఊడిపోతోంది.

స్టీరింగ్ 28
బుధవారం, రాత్రి 9:10

వెనక ఎరుపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు. పాత గ్రీజు, మట్టి కిరోసిన్‌తో తుడిచి, బాగా ఆరాక అంటించు అన్నా, అప్పుడు ఊడదు. గడ్డి లోడు ఎత్తినప్పుడు ట్రాలీ అంచు మీది స్టిక్కర్ గడ్డి కింద దాగిపోతుంది. అందుకని వెనక కింది భాగంలో, చక్రాల కంటే పైన, అడ్డంగా ఇంకో పట్టీ వెయ్.

పరిగి దారి
గురువారం, రాత్రి 8:45

పూలతోట అన్నా, మంచి రకం రేడియం రోల్ నేను తెస్తాను. మెహిదీపట్నంలో స్టిక్కర్ కటింగ్ షాపులో ఇవాళ అడిగాను, మూడు రంగులూ ఉన్నాయి. మీకు ఎన్ని మీటర్లు కావాలి? మీ ఊళ్లో ఇంకా ఎన్ని ట్రాలీలు ఉన్నాయి? శనివారం పొద్దున ఎలాగూ అదే దారిలో వస్తున్నాను. డబ్బు సంగతి తర్వాత చూద్దాం.

మా అమ్మ కంటికి చుక్కల మందు రాశారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆమె కూడా వస్తుంది. ఈసారి గంట ముందే బయల్దేరదామంది.

నైట్ షిఫ్ట్
గురువారం, రాత్రి 9:20

ఆ రోల్ ఖర్చులో సగం నాది. శంకర్‌పల్లి వైపు ట్రాలీలకు నేను చూసుకుంటా, ఆ షాపు ఎక్కడో చెప్పండి.

పూలతోట
గురువారం, రాత్రి 9:50

మా గల్లీలో నాది కలిపి ఏడు ట్రాలీలు. మిగతా ఆరుగురిలో నలుగురికి చెప్పా, సరేనన్నారు. ఇద్దరు పొలం దగ్గరున్నారు, రేపు అడుగుతా. కిరోసిన్ దొరకలేదు, డీజిల్‌తో తుడుస్తున్నాం.

అన్నా, మీరు చేవెళ్ల దాటాక మూడో కిలోమీటరు దగ్గర ఎడమకు మట్టి రోడ్డు వస్తుంది, మూలమీద వేపచెట్టు ఉంటుంది. రోడ్డు మీద ఆపకండి, ముందే ఇండికేటర్ వేసి మట్టి రోడ్డులోకి పూర్తిగా దిగి ఆపండి. ఏడింటికి నేను అక్కడే ఉంటా. అమ్మకు మా తోట గులాబీలు కోసి పెడతా.